నౌకాదళం ఆర్డర్లతో షిప్‌యార్డులకు మళ్లీ ఊపిరి

అనకాపల్లి (మా గ్రామీణ విలేకరి): విశాఖపట్నం వెళ్లిన మన పల్లెల జనం రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలబెట్టిన 'కురుసుర' జలాంతర్గామిని చూడకుండా తిరిగిరారు. టిక్కెట్టు కొనుక్కుని, తల వంచుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఇంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా కాపురం చేశారా అని ఆశ్చర్యపోతూ బయటికి వస్తారు. అయితే ఆ జలాంతర్గామి మనవాళ్లు కట్టినది కాదు. 1969లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్నది. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పేరు తెచ్చుకున్న విమానవాహక నౌక 'విక్రాంత్' సైతం బ్రిటన్ దగ్గర కొన్నదే. ఆనాడు మన నౌకాదళంలోని పెద్ద ఓడలు చాలావరకు పరాయి దేశాల యార్డుల్లో పుట్టినవే.

ఆ పరిస్థితి ఇప్పుడు మారింది. 2025 జూలై 1వ తేదీన రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో దళంలో చేరిన 'తమాల్' విదేశాల నుంచి తీసుకునే ఆఖరి యుద్ధనౌక అని మన నౌకాదళమే ప్రకటించింది. అదే నెల 18వ తేదీన విశాఖలో 'నిస్తార్' అనే నౌక చేరింది. లోతు నీళ్లలో దిగే గజ ఈతగాళ్లకు, ప్రమాదంలో చిక్కిన జలాంతర్గాముల సిబ్బందిని కాపాడడానికి పనికివచ్చే ఓడ ఇది. దానిని కట్టింది డాల్ఫిన్స్ నోస్ కొండకు లోపలివైపున వున్న మన హిందుస్థాన్ షిప్‌యార్డు. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా దేశీయ సరుకే. చిన్న, మధ్యతరహా పరిశ్రమలు 120 దాకా ఆ ఓడకు సామాను తయారుచేసి ఇచ్చాయి.

యుద్ధనౌకలతో పల్లెటూరివాళ్లకు పనేమిటని ఎవరైనా అడగవచ్చు. గాజువాక, మల్కాపురం, సింధియా ప్రాంతాల్లో అద్దెగదుల్లో వుంటూ వెల్డింగు పనికి, ఫిట్టరు పనికి పోయే కుర్రాళ్లలో మన మండలాలవారు ఎందరో లెక్క వేస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. షిప్‌యార్డుకు ఆర్డరు వస్తే ఆ గదుల్లో దీపం వెలుగుతుంది, రాకపోతే బస్సెక్కి ఇంటికి వచ్చేస్తారు. కనుక ఈ విషయాన్ని కొంచెం వివరంగా చూడడం అవసరం.

'జల ఉష' నుంచి నష్టాల దాకా

సింధియా జంక్షనుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. గ్వాలియరు సింధియా రాజులకు షిప్‌యార్డులో భాగమేమీ లేదు. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరు అది. బ్రిటిషు ఓడల కంపెనీలతో పోటీపడి, సొంత ఓడలు సొంత దేశంలోనే కట్టాలన్న పంతంతో ఆ కంపెనీ ఇక్కడ యార్డు పెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అయినా పని ఆగిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చి 14న పండిట్ నెహ్రూ 'జల ఉష'ను నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో తయారై జలప్రవేశం చేసిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అది.

1952లో ప్రభుత్వం యార్డులో పెద్ద వాటా తీసుకుంది. 1961 నాటికి మొత్తం ప్రభుత్వానిదే అయింది. ఇప్పటికి అక్కడ 200కు పైగా ఓడలు తయారయ్యాయి. ఎక్కువ భాగం సరుకు ఓడలే.

మరి నష్టాలు ఎందుకు వచ్చాయి? పనివాళ్లు పని చేయకనే అని కొందరు, అధికారుల నిర్లక్ష్యమని కొందరు అంటుంటారు. రెండింటిలోనూ కొంత నిజం వుండవచ్చు గాని అసలు కారణం వేరే వుంది. సరుకు ఓడ కొనేవాడు ధర చూస్తాడు, గడువు చూస్తాడు. జపాను, ఆ తర్వాత దక్షిణ కొరియా, ఇప్పుడు చైనా ఒకే నమూనా ఓడను డజన్ల లెక్కన కట్టి పారేస్తున్నాయి. ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ మూడు దేశాలవే. మన వాటా నూటికి ఒక పాలు కూడా లేదు. మన యార్డుకు ఒక ఓడ ఆర్డరు వచ్చి, ఆ తర్వాత రెండేళ్లకు మరో నమూనా ఓడ వస్తే, ఇంజను దగ్గర నుంచి పెద్ద సామానంతా దిగుమతి చేసుకోవాల్సి వస్తే, అప్పుపై వడ్డీ కొరియావాడి కంటే ఎక్కువ కట్టాల్సి వస్తే, ధర ఎలా గిట్టుతుంది? ప్రభుత్వం కొన్నాళ్లు సబ్సిడీ ఇచ్చి తేడా భరించింది. 2007లో ఆ పథకం గడువు తీరింది. మరుసటి ఏడే ప్రపంచ మాంద్యం వచ్చి ఓడల బేరాలు పడిపోయాయి. గుజరాతులో, మహారాష్ట్రలో పెద్ద ఎత్తున లేచిన ప్రయివేటు యార్డులు కొన్ని బ్యాంకుల అప్పుల్లో మునిగాయి.

విశాఖ యార్డుదీ అదే దారి అయ్యేదే. 2010 ఫిబ్రవరిలో దానిని నౌకా రవాణా శాఖ నుంచి తప్పించి రక్షణ శాఖకు అప్పగించారు. అప్పటి నుంచి దిక్కు మారింది.

మారిందంటే వెంటనే బాగుపడిందని కాదు. 'సింధుకీర్తి' అనే జలాంతర్గామిని 2006లో మరమ్మతుకు తెస్తే అది మళ్లీ బయటికి వెళ్లడానికి 2015 వచ్చింది. తొమ్మిదేళ్లు! నౌకాదళంలో ఆ రోజుల్లో ఈ యార్డు పేరు చెబితే ముఖం చిట్లించేవారట. అందులో ఆశ్చర్యం లేదు. అయితే ఆ తొమ్మిదేళ్లలో విప్పడం, కట్టడం, మళ్లీ విప్పడం చేసినవాళ్లు ఆ పని నేర్చుకున్నారన్నది కూడా వాస్తవం. 2021 సెప్టెంబరులో క్షిపణుల గమనాన్ని పసిగట్టే 'ధ్రువ్' నౌక ఇక్కడి నుంచే దళంలో చేరింది. 2018లో ఆర్డరు ఇచ్చిన రెండు డైవింగు నౌకల్లో మొదటిదే పైన చెప్పిన 'నిస్తార్'. ఏడేళ్లు పట్టింది. కొరియావాడు వింటే నవ్వుతాడు గాని, ఇలాంటి నౌక మన దేశంలో మొదటినుంచి గీసి కట్టడం ఇదే మొదలు. 2024 అక్టోబరులో యార్డుకు మినీరత్న హోదా వచ్చింది.

అసలు పెద్ద ఆర్డరు 2023 ఆగస్టు 25న కుదిరింది. నౌకాదళానికి ఐదు సహాయ నౌకలు కట్టి ఇవ్వాలి. ఒప్పందం విలువ సుమారు 19,000 కోట్ల రూపాయలు. ఒక్కొక్క ఓడ 44,000 టన్నులు. నడిసముద్రంలో వున్న యుద్ధనౌకలకు చమురు, మంచినీళ్లు, తిండి సామాను, మందుగుండు అందించడం వీటి పని. సముద్రం మీద నడిచే పెట్రోలు బంకు, కిరాణా కొట్టు కలిపి ఒక్కటే అనుకుంటే సరిపోతుంది. ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటి వుంది. క్షిపణుల నౌకకు, సరుకు ఓడకు పోలిక తక్కువ. ఈ సహాయ నౌక మాత్రం చమురు టాంకరుకు దగ్గరి చుట్టం. దీనిని వరుసగా ఐదు కట్టిన యార్డు రేపు చమురు కంపెనీకి టాంకరు కట్టగలదు. అందుచేత నౌకాదళం ఇచ్చిన అన్ని ఆర్డర్లలోకీ దేశీయ ఓడల పరిశ్రమకు ఎక్కువ మేలు చేసేది ఇదేనని ఈ విలేకరి అభిప్రాయం.

కొచ్చిన్ నేర్పిన పాఠం

కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టిన కొత్త 'విక్రాంత్' సంగతి పాఠకులకు విదితమే. 2009లో పని మొదలై, 2013లో నీళ్లలోకి దిగి, 2022 సెప్టెంబరు 2న దళంలో చేరింది. సుమారు 20,000 కోట్లు ఖర్చయింది. ఆ ఓడకు కావలసిన ప్రత్యేక ఉక్కు మొదట రష్యా నుంచి రావాలి. అది సకాలంలో రాలేదు. అప్పుడు హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలవారు, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌వారు కలిసి ఆ ఉక్కును ఇక్కడే తయారుచేశారు. ఆ ఓడలో 21,500 టన్నుల దాకా అదే ఉక్కు. ఆ తర్వాత మన యుద్ధనౌకలన్నిటికీ ఈ దేశీయ ఉక్కే వాడుతున్నారు. రష్యావాడు సమయానికి పంపివుంటే మనవాళ్లు ఆ పని తలపెట్టేవారా అన్నది అనుమానమే.

ఇదిలా వుండగా మన ప్రాంతంలో చాలామందికి ఒక అపోహ వుంది. విశాఖ స్టీలు ప్లాంటు ఉక్కుతోనే విశాఖ షిప్‌యార్డులో ఓడలు కడతారని అనుకుంటారు. రెండూ పక్కపక్కనే వున్నాయి కదా! నిజానికి మన స్టీలు ప్లాంటు తయారుచేసేది కడ్డీలు, తీగ, యాంగిళ్ల వంటి పొడుగు సరుకు. ఓడకు కావలసింది వెడల్పాటి పలకలు. అవి ఒడిశాలోని రూర్కెలా వంటి చోట్ల నుంచి రైలెక్కి రావాలి. పొలం పక్కనే కాలువ వున్నా తూము వేరే ఊళ్లో వున్నట్లయింది. స్టీలు ప్లాంటు భవిష్యత్తు గురించి ఇన్ని సభలు జరిగాయి, ఇన్ని దీక్షలు జరిగాయి. ఓడ పలకలు వేసే మిల్లు సంగతి గట్టిగా అడిగినవారు అరుదు.

'విక్రాంత్' పనిలో యార్డు మనుషులు రెండు వేల మంది, బయట సామాను ఇచ్చే సంస్థల్లో పన్నెండు వేల మందికి పైగా పనిచేశారు. ఖర్చులో నూటికి ఎనభై పాళ్లు తిరిగి దేశంలోనే చెలామణి అయిందని నౌకాదళం లెక్క చెప్పింది. అంతకంటే ముఖ్యం, ఆ తర్వాత జరిగింది. కొచ్చిన్ యార్డు 2022లో నార్వేకు బ్యాటరీతో నడిచే రెండు ఓడలు కట్టి పంపింది. 2024 జనవరిలో 310 మీటర్ల పొడవు కొత్త డ్రైడాక్ తెరిచింది. 2025లో ఫ్రాన్సుకు చెందిన పెద్ద నౌకా కంపెనీ ఆరు కంటైనరు ఓడలు అక్కడ కట్టించుకునేందుకు ముందుకు వచ్చింది. 1960 నుంచి యుద్ధనౌకలు కడుతున్న కలకత్తా గార్డెన్‌రీచ్ యార్డుకు జర్మనీ నుంచి సరుకు ఓడల పని దొరికింది. నౌకాదళం డబ్బుతో క్రేన్లు వచ్చాయి, పనివాళ్లు తయారయ్యారు, గీతలు గీసే ఇంజనీర్లు తయారయ్యారు. వాటితో బయటి బేరం పట్టగలిగారు.

ఓడ కట్టే పద్ధతి కూడా మారింది. వెనుకటి రోజుల్లో అడుగు నుంచి పైకి ఇల్లు కట్టినట్లు కట్టుకుంటూ పోయి, అంతా అయ్యాక పైపులు, కరెంటు తీగలు వేసేవారు. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా వేరే షెడ్లలో తయారుచేసి, పైపులు తీగలతో సహా తెచ్చి, నూతికి సిమెంటు వరలు పేర్చినట్లు పెద్ద క్రేనుతో పేర్చి అతుకుతారు. 2025 ఆగస్టు 26న విశాఖలో ఒకే రోజు దళంలో చేరిన 'ఉదయగిరి', 'హిమగిరి' నౌకలు ఇలా కట్టినవే. ఒకటి ముంబయి మజగావ్ డాక్‌లో, రెండవది కలకత్తాలో తయారైంది. రెండింటి నమూనా ఒకటే, గీసింది నౌకాదళం సొంత డిజైను విభాగం. అన్నట్లు 'విశాఖపట్నం' అనే పేరుగల యుద్ధనౌక కూడా ముంబయిలోనే తయారై 2021 నవంబరులో అక్కడే దళంలో చేరింది. పేరు మనది, కూలి డబ్బు వాళ్లది!

ఆగితే పని మరచిపోతారు

చెరకు రైతులకు ఈ విషయం చెప్పనక్కరలేదు. రెండు మూడేళ్లు పెనం కింద మంట వేయకపోతే పాకం పట్టే మనిషి వేరే పని చూసుకుంటాడు. మళ్లీ గానుగ ఆడిద్దామనుకునేసరికి చెరకు దొరుకుతుంది గాని పాకం తెలిసిన చెయ్యి దొరకదు. జలాంతర్గాముల విషయంలో మన దేశం అచ్చంగా ఈ పొరపాటే చేసింది. జర్మనీ సాయంతో మజగావ్ డాక్‌లో 'శల్కి', 'శంకుల్' అనే రెండింటిని కట్టి 1992లో, 1994లో దళంలో చేర్చారు. కొనుగోలులో ముడుపులు ముట్టాయన్న ఆరోపణలతో ఆ వరుస అక్కడితో ఆగింది. ఆ తర్వాత ఫ్రాన్సుతో ఒప్పందం కుదిరింది 2005లో. అందులో మొదటిది 'కల్వరి' చేరింది 2017 డిసెంబరులో. రెండు జలాంతర్గాముల మధ్య ఇరవై మూడేళ్లు! శంకుల్‌ను అతికిన వెల్డరు అప్పటికి పింఛను తీసుకుంటూ వుంటాడు. కొత్తవాళ్లు మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆరవది 'వాగ్షీర్' 2025 జనవరిలో చేరింది. మళ్లీ ఇప్పుడు ఖాళీ వస్తే అదే కథ.

మన విశాఖలో అణు జలాంతర్గాముల పని మాత్రం ఆగలేదు. 'అరిహంత్' 2009లో నీళ్లలోకి దిగింది. 'అరిఘాత్' 2024 ఆగస్టులో దళంలో చేరింది. ఒకటి తర్వాత ఒకటి వస్తూండడం వల్లనే అక్కడ చెయ్యి తిరిగింది.

మరి నౌకాదళం ఆర్డరు ఇస్తే చాలా, అన్నీ అవే చక్కబడతాయా అంటే, కాదు. గుజరాతులోని పిపావవ్ యార్డుకు 2011లో ఐదు గస్తీ నౌకల పని ఇచ్చారు. యార్డు అప్పుల్లో పడింది, ఓడలు రాలేదు, చివరికి ఆర్డరు రద్దయింది. యుద్ధనౌకల్లో అసలు ఖరీదంతా ఇంజను, ఆయుధాల దగ్గర వుంటుంది. ఓడ ఒంటిని మనం కడుతున్నాం గాని గుండె ఇంకా చాలావరకు అరువుదే. 'విశాఖపట్నం' నౌక నడిచేది ఉక్రెయిన్ టర్బైన్లతో, 'విక్రాంత్' నడిచేది అమెరికా నమూనా టర్బైన్లతో. 2022 నుంచి ఉక్రెయిన్ యుద్ధంలో వుంది. విడిభాగం ఒకటి కావాలంటే ఎవరి గడప తొక్కాలో నౌకాదళానికే తెలియాలి. టార్పెడోల విషయంలో మాత్రం విశాఖలోని పరిశోధనశాల తయారుచేసిన 'వరుణాస్త్ర' మనదే.

మరొక చిక్కు వుంది. నౌకాదళం పనికి అలవాటు పడిన యార్డు ఆలస్యానికి కూడా అలవాటు పడుతుంది. రెండేళ్లు ఆలస్యమైనా ఖజానా డబ్బు వస్తుంది. సరుకు ఓడ కొనేవాడు అలా ఊరుకోడు, బయానా వెనక్కి అడుగుతాడు. మన విదేశీ వాణిజ్యపు సరుకు పరిమాణంలో నూటికి తొంభై అయిదు పాళ్లు సముద్రం మీదనే పోతుంది. కిరాయి కింద పరాయి కంపెనీలకు ఏటా సుమారు 6 లక్షల కోట్లు కడుతున్నామని 2025 సెప్టెంబరులో భావనగర్ సభలో ప్రధాని చెప్పారు. ఆ వెంటనే కేంద్ర మంత్రివర్గం ఓడల పరిశ్రమకు 69,725 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఓడ ధరలో సాయం, తక్కువ వడ్డీకి అప్పు, కొత్త యార్డుల సముదాయాలు అందులో వున్నాయి. అంటే నౌకాదళం ఒక్కటే ఈ భారం మోయలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది.

మన పిల్లలకు దక్కేదెంత?

సహాయ నౌకల ఒప్పందం వల్ల ఎనిమిదేళ్లలో సుమారు 168.8 లక్షల పనిదినాలు కలుగుతాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఏడాదికి మూడు వందల రోజుల పని చొప్పున లెక్క వేసుకుంటే ఏడు వేల మందికి ఎనిమిదేళ్లు పని. అయితే ఇదంతా విశాఖలోనే కాదు. ఐదింటిలో రెండు ఓడల పని తమిళనాడులోని కాట్టుపల్లి ప్రయివేటు యార్డుకు ఇచ్చారు. 2024 డిసెంబరులో అక్కడ ఉక్కు కోత మొదలయింది. గడువుకు అందుకోవాలంటే అది తప్పదని యార్డు లెక్క. అది అబద్ధం కాకపోవచ్చు.

ఇక్కడి పనిలోనూ పర్మనెంటు ఉద్యోగాలు తక్కువ. ఒకనాడు వేల సంఖ్యలో వుండిన యార్డు సొంత సిబ్బంది ఏటేటా తగ్గుతూ వచ్చారు. ఎక్కువ పని కాంట్రాక్టర్ల కింద నడుస్తోంది. 2020 ఆగస్టు 1న యార్డులో క్రేను కూలి పదకొండు మంది దుర్మరణం చెందినప్పుడు వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల తరఫున పనిచేస్తున్నవారే. ఓడలు ఎన్ని వస్తున్నాయన్న లెక్కతో పాటు, ఆ పనివాడికి బీమా, పి.ఎఫ్. వున్నాయా అన్న లెక్క కూడా అడగాలి.

రాంబిల్లి తీరంలో నౌకాదళ స్థావరం కోసం చోటు ఇచ్చిన మత్స్యకార కుటుంబాలు కూడా ఈ జిల్లావే. తమ పిల్లలకు పని ఇవ్వాలని వారు అడుగుతున్నారు. వలలు వేసే చోటు పోయినవాడికి ఓడలు కట్టే చోట పని అడిగే హక్కు లేదని ఎవరనగలరు?

పని దొరకాలంటే పని రావాలన్నది కూడా నిజమే. ఇక్కడ మన పిల్లలు ఒక విషయం తెలుసుకోవాలి. గేట్లు, గ్రిల్లులు అతికే వెల్డింగు ఓడ మీద పనికిరాదు. ఓడ పలకల అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల గాలి బుడగ కనిపిస్తే అంతా తొలగించి మళ్లీ అతకమంటారు. అందుకని నిలువుగా, అడ్డంగా, తలపైన అతికే పరీక్ష పాసై సర్టిఫికెట్టు వున్నవాడినే లోపలికి రానిస్తారు. ఐ.టి.ఐ. పాసైన కుర్రాడు కొన్ని నెలలు సాధన చేస్తే ఈ పరీక్ష దాటలేనిదేమీ కాదు. ఓడల డిజైను చదవదలచిన వారికి సబ్బవరం మండలం వంగలిలోనే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ వుంది. మన జిల్లాలోనే వున్న ఆ క్యాంపస్‌లో చేరే పిల్లల్లో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వస్తున్నారు.

మొదటి సహాయ నౌకకు 2024 ఏప్రిల్ 10న విశాఖలో ఉక్కు కోత మొదలుపెట్టారు. ఒప్పందం ప్రకారం 2027లో ఆ ఓడ నౌకాదళానికి అందాలి. మిగతావి ఒక్కొక్కటిగా దాని వెనుక. అంటే ఇప్పుడు ఐ.టి.ఐ.లో చేరిన కుర్రాడు బయటికి వచ్చేనాటికి యార్డులో పని ముమ్మరంగా వుంటుంది. ఆ వెల్డింగు పరీక్ష ఎవరు పెడతారో, ఫీజు ఎంతో, ఎక్కడ సాధన చేయాలో చెప్పే కాగితం ఒక్కటి కూడా ఈ విలేకరి గత నెలలో వెళ్లిన మూడు ఐ.టి.ఐ.ల నోటీసు బోర్డుల మీద కనిపించలేదు.